మెదడు కాపలాదారులు - కాల్షియం తూములు



"కాల్షియం మాత్రలు వేస్తే పిల్లవాడి మెదడు చురుకవుతుందా?" అని తల్లులు అడుగుతుంటారు. ఎముకల్లో కాల్షియం ఇటుకలాంటిది. మెదడులో అది చేసే పని వేరు, అక్కడ అది కబురు మోస్తుంది.

మెదడులో నాడీకణాలతోపాటు మైక్రోగ్లియా అనే రక్షక కణాలున్నాయి. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త రియో ఓర్టెగా వీటికి ఆ పేరు పెట్టారు. ఇవి ఊరికే కూర్చోవు. సన్నని కొమ్మలు చాచి చుట్టుపక్కల తడుముతూనే ఉంటాయని 2005లో బతికున్న ఎలుకల మెదడులో చూశారు. ఎక్కడైనా దెబ్బ తగిలితే నిమిషాల్లో కొమ్మలన్నీ అటు తిరుగుతాయి.

కబురు ఎలా అందుతుంది? దెబ్బతిన్న కణం నుంచి ఏటీపీ అనే పదార్థం బయటికి కారుతుంది. కణాలకు శక్తినిచ్చే ఈ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి చేసిన పని అది. పాఠ్యపుస్తకంలో ఆయన పేరు చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఏటీపీ తగలగానే మైక్రోగ్లియా తన లోపలి నిల్వలోని కాల్షియాన్ని వదులుతుంది. ఇక్కడ మన డెల్టా ఊళ్ల మంచినీళ్ల చెరువును గుర్తు చేసుకోండి. మట్టం పడిపోతే లస్కరు చూసి కాలువ తూము ఎత్తుతాడు. కణంలో ఆ లస్కరు పేరు స్టిమ్, తూము పేరు ఒరాయ్. కణం బయట కాల్షియం లోపలికంటే సుమారు 10,000 రెట్లు ఎక్కువ. అందుకే తూము కొంచెం తెరుచుకున్నా లోపలికి ఉరికి వస్తుంది. అది చూసి పొటాషియం తూములు కొన్ని తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోతుంటేనే కాల్షియం లోపలికి రావడం ఆగకుండా సాగుతుంది. దాంతో కణం కదులుతుంది, చచ్చిన కణాలను మింగుతుంది, మంట పుట్టించే రసాయనాలూ వదులుతుంది. ఈ చివరిది హద్దు దాటితే కాపలాదారే ఇల్లు తగలబెట్టినట్టు.

పక్షవాతంలో జరిగేది ఇదే. రక్తం అందక నాడీకణాల్లో ఏటీపీ అయిపోతుంది, కాల్షియం వరదలా నిండి అవి చనిపోతాయి. ఆ తర్వాత మైక్రోగ్లియా మూగుతాయి. మొదట మేలు, ఆలస్యమైతే కీడు కూడా.

మన వన్ టౌన్ సందుల్లో మూతి వంకర పోతే పావురం రక్తం రాయిద్దామనేవాళ్లు ఇంకా ఉన్నారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే. అది గడ్డో, రక్తస్రావమో స్కాన్ తీస్తేగానీ తెలియదు, తెలియకుండా ఇంజెక్షన్ ఇవ్వకూడదు. దాతలకు నా మనవి ఒక్కటే: వైద్య సాయానికి మీరిచ్చే సొమ్ములో కొంత ఆ తొలి గంటల బండికీ, స్కాన్‌కూ విడిగా ఉంచమని సొసైటీ పెద్దలకు చెప్పండి.