వ్యవసాయ విద్యలో ఉచిత ఆన్‌లైన్ కోర్సులు: అవకాశాలు, అవరోధాలు

2001లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తన పాఠ్య సామగ్రిని అంతర్జాలంలో ఉచితంగా అందించనున్నట్లు ప్రకటించింది. మరుసటి సంవత్సరం యునెస్కో సమావేశంలో ‘సార్వత్రిక విద్యా వనరులు’ అనే భావనకు పేరు ఏర్పడింది. 2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు కృత్రిమ మేధపై నిర్వహించిన ఉచిత కోర్సులో సుమారు 1,60,000 మంది చేరగా, పూర్తి చేసినవారు 20,000 పైచిలుకు మాత్రమే. ఈ విధానపు బలమూ బలహీనతా ఈ రెండు అంకెలలోనే ఉన్నాయి.

మన దేశంలో 2003లో ఎన్‌పిటెల్, 2017లో ‘స్వయం’ ప్రారంభమయ్యాయి. ‘స్వయం’లో చదువు ఉచితం, పరీక్ష రాసి ధ్రువపత్రం పొందగోరువారు రుసుము చెల్లించవలసి ఉంటుంది. వ్యవసాయ రంగంలో కాన్పూరు ఐఐటి, కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్ కలిసి ‘ఆగ్‌మూక్స్’ను చేపట్టాయి. మారుమూల మండలంలో పనిచేసే విస్తరణాధికారి సెలవు పెట్టకుండానే కొత్త విషయం నేర్చుకొనగలగడం చిన్న ప్రయోజనం కాదు.

అయితే ‘ఉచితం’ వేరు, ‘సార్వత్రికం’ వేరు. ఒక పాఠాన్ని చూడడానికి రుసుము లేనంత మాత్రాన దానిని తెలుగులోకి అనువదించి, స్థానిక ఉదాహరణలు చేర్చి, తిరిగి పంచే హక్కు లభించదు. క్రియేటివ్ కామన్స్ అనుమతులలోనూ మార్పులు చేసిన పాఠాన్ని పంచుకొనడాన్ని నిషేధించేవి ఉన్నాయి; అనువాదం కూడా అటువంటి మార్పే. విస్తరణ శాస్త్రవేత్తకు ఈ తేడా కీలకం. ఇతర ప్రాంతానికి ఉద్దేశించిన హెక్టారు మోతాదును మన నేలకు, మన ఎకరాకు అనుగుణంగా సవరించకుండా రైతుకు చెప్పలేము గదా!

అంతకంటె లోతైన సమస్య అభ్యసనకు సంబంధించినది. వరిలో జింకు లోపాన్ని పరిశీలిద్దాం. నాటిన 2 నుండి 4 వారాలలో ముదురు ఆకులపై తుప్పు రంగు మచ్చలు ఏర్పడతాయి. దీనిని వీడియోలో చక్కగా చూపవచ్చు. కాని ఆకు పెళుసుబారి, వంచగానే చిన్న శబ్దంతో విరగడం చేతితో పట్టి చూసినవారికే తెలుస్తుంది. ధ్రువపత్రం పొందిన ఒక విద్యార్థి పొలంలో ఈ లక్షణాన్ని తెగులుగా భావించి మందు సూచించబోవడం నేను చూశాను. ఆ పొరపాటు అమలైతే ఖర్చు రైతుది. లోపం మాత్రం యథాతథంగా ఉంటుంది.

ఇందులో అధ్యాపకుల బాధ్యతా ఉంది. 45 నిమిషాల ఉపన్యాసాన్ని కెమెరా ముందు చదవడమే కోర్సు రూపకల్పన అని మనలో అనేకులు భావించారు; ఈ వ్యాసకర్త మినహాయింపు కాదు. 8 నుండి 10 నిమిషాల తెలుగు పాఠాలను పంట దశకు కొద్ది రోజుల ముందుగా విడుదల చేయడం మేలు. జింకు లోపంపై పాఠం నాట్లు పూర్తికాగానే అందితే, విద్యార్థి తర్వాతి 2 నుండి 4 వారాలలో మడిలో దిగి లక్షణాలను పోల్చి చూడగలడు. సైద్ధాంతిక భాగానికి ఆన్‌లైన్‌లో మార్కులు ఇచ్చినా, క్రెడిట్ మంజూరుకు ముందు సమీప కృషి విజ్ఞాన కేంద్రపు క్షేత్రంలో ప్రత్యక్ష పరీక్ష నిర్వహించాలి. కనీసం మూడు పోషక లోపాలను మొక్కపై గుర్తించలేని అభ్యర్థికి తదుపరి పంటకాలంలో మరొక అవకాశం ఇవ్వవచ్చు.