ల్యాబ్ క్రాసా, షెపర్డ్ క్రాసా?

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లె. ఇంట్లో ఆరేళ్ల పాప, మా అత్తగారు ఉంటారు. తెలిసినవాళ్ల దగ్గర రెండు కుక్కపిల్లలున్నాయి. ఒకటి ల్యాబ్రడార్‌కీ ఊరకుక్కకీ పుట్టింది, రెండోది జర్మన్ షెపర్డ్‌కీ పామరేనియన్‌కీ. ఏది తెచ్చుకోమంటారు డాక్టరుగారూ?

జవాబు: ల్యాబ్ క్రాసే తెచ్చుకోండమ్మా. మన డెల్టా ఉక్కపోతలో షెపర్డ్ క్రాస్ లాంటి ఒత్తు బొచ్చు కుక్క నానా అవస్థా పడుతుంది. వానాకాలంలో అడుగు బొచ్చు తడారదు, చర్మం పుండ్లు పడుతుంది, లోపల గోమార్లు చేరినా కంటికి కనబడవు.

అయితే క్రాస్ పిల్లకి ఎవరి గుణం వస్తుందో ముందే చెప్పలేం. వీలైతే తల్లిని చూడండి. పిల్లని ఒళ్లోకి తీసుకుని పొట్ట నిమరండి. కాసేపు గింజుకుని సర్దుకుంటే మంచిదే. భయంతో బిగుసుకుపోతే మాత్రం పసిపిల్ల ఉన్న ఇంటికి తొందరపడొద్దు. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి విడదీయకండి.

ల్యాబ్ పోలికకి తిండియావ ఎక్కువ. అత్తగారు ముద్దుచేసి పూతరేకులు పెట్టకుండా చూసే పూచీ మీదే!

చుట్టూ వరిచేలు, కాలవలు, ఎలకలు కదా. ఎలక మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకీ సోకుతుంది. దానికీ, పార్వో వైరస్‌కీ కుక్కపిల్లకి టీకాలు వేయించండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా తప్పనిసరి.