ఏ ఇంజనుకు ఏ ఆయిల్?

ఆ ఇంట్లో డీజిలు కారు ఉంది. బ్యాంకు అప్పుతో కొన్నారు. కొడుకు కిరాయికి తిప్పుతాడు. అప్పు కాగితం మీద అత్త సంతకం కూడా ఉంది. ఇంజను పాడైతే కిరాయి ఆగుతుంది. కిస్తీ మాత్రం ఆగదు.

ఇంజను ఆయిల్ మార్చే రోజు వచ్చింది. అత్తా కోడళ్లు షాపుకు వెళ్లారు. షాపతను రెండు డబ్బాలు తీశాడు.

"రెండూ సింథటిక్కే అమ్మా. ఇది ఎక్కువ ఖరీదు. ఇదే మంచిది" అన్నాడు.

"అయితే ఇదే కొందాం అత్తమ్మా" అంది కోడలు.

"ఉండవే. డబ్బా మీద ఏముందో చూద్దాం" అంది అత్త.

సింథటిక్ అంటే ఏమిటి? చలికాలంలో కొబ్బరినూనె గడ్డ కడుతుంది. ఎండలో పెడితే నీళ్లలా జారుతుంది. ఇంజను ఆయిల్ కూడా చలికి చిక్కబడుతుంది, వేడికి పలచబడుతుంది. మరీ పలచబడితే ఇనుము ఇనుముతో రాసుకుని అరుగుతుంది. సింథటిక్ ఆయిల్‌ను ఫ్యాక్టరీలో ప్రత్యేకంగా తయారు చేస్తారు. అది చలికీ వేడికీ తొందరగా మారదు. అందుకే ధర ఎక్కువ. అలాగని ఏ సింథటిక్ అయినా ఏ ఇంజనుకైనా పనికిరాదు.

డబ్బా మీద ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి. భయం లేదు, అంకెలు చదవగలిగితే సగం పని అయినట్టే. ఖరీదైన డబ్బా మీద 0డబ్ల్యూ-20 అని ఉంది. రెండో దాని మీద 5డబ్ల్యూ-30 అని ఉంది. మొదటి అంకె చలికి సంబంధించినది. అది ఎంత చిన్నదైతే, చల్లటి ఇంజనులో ఆయిల్ అంత త్వరగా పారుతుంది. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం చెబుతుంది. కొత్త పెట్రోలు కార్లలో చాలా వాటికి పలచటి ఆయిల్ కావాలి. చిక్కటిది పోస్తే మైలేజీ పడిపోతుంది. బాగా అరిగిన పాత ఇంజనులో మరీ పలచటిది పోస్తే ఆయిల్ కాలిపోయి నీలం పొగ వస్తుంది.

డీజిలు కారుకు ఇంకో చిక్కు ఉంది. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో బీఎస్-6 నియమం వచ్చింది. అప్పటి నుంచి వచ్చే డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. కొన్ని ఆయిళ్లు కాలితే బూడిద ఎక్కువ మిగులుతుంది. మసి అయితే వేడికి కాలిపోతుంది. బూడిద కాలదు, ఫిల్టరు పూడుకుపోతుంది. అది మార్చడం చిన్న ఖర్చు కాదు. అందుకని బూడిద తక్కువ వచ్చే ఆయిల్ పోయాలి. సి3 అనేది అలాంటి ఒక గుర్తు.

ఇవన్నీ గుర్తుంచుకోవాలా? అక్కర్లేదు. కారుతో పాటు ఒక పుస్తకం ఇస్తారు. ఎప్పుడూ కారులోనే పడి ఉంటుంది, మగవాళ్లు కూడా తెరవరు! ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు, ఎప్పుడు మార్చాలి, అన్నీ అందులో ఉంటాయి.

అత్త ఆ పుస్తకం సంచిలోనే తెచ్చింది. బల్ల మీద పెట్టి వేలితో చూపించింది. 5డబ్ల్యూ-30, సి3. ఆ రెండు గుర్తులూ తక్కువ ధర డబ్బా మీదే ఉన్నాయి. ఖరీదైనది పెట్రోలు కారుది!

"సీలు సరిగ్గా ఉందా చూడు" అంది కోడలితో. షెడ్డులో ఆయిల్ పోశాక ఖాళీ డబ్బాకు చిల్లు పొడిపించింది. ఖాళీ డబ్బాల్లో కల్తీ ఆయిల్ నింపి అమ్మేవాళ్లు ఉంటారు మరి.

కొంచెం ఆయిల్ మిగిలింది. "మన బైకులో పోద్దామా?" అంది కోడలు. వద్దంది అత్త. చాలా బైకుల్లో క్లచ్ కూడా ఇంజను ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు. బైకు ఆయిల్ వేరే కొనాలి.