సంతయు, అంటువ్యాధియు: ఒక చిన్న లెక్క



గాలికుంటు సోకిన యెద్దు బ్రతికి బయటపడినను ఆ కారున దుక్కికి నిలువదు. పాడియావు పాలు తగ్గును. ఇట్టి వ్యాధి ఒక కొట్టము నుండి పది గ్రామములకు ఎట్లు ప్రాకునో గణితశాస్త్రము చూపగలదు. గుణకారము తెలిసిన వారికెల్ల ఇది బోధపడును.

1897లో సికింద్రాబాదున దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన రోనాల్డు రాసుగారే పిమ్మట ఆ వ్యాధివ్యాప్తిని లెక్కకు తెచ్చిరి. దోమలనన్నిటిని చంపనక్కరలేదనియు, వాని సంఖ్యను ఒక హద్దునకు లోబడునట్లు తగ్గించినచో వ్యాధి తనంతట అణగుననియు వారు గణితముచే చూపిరి.

పశువులందును ఇదియే న్యాయము. రోగియగు ఒక్కొక్క పశువు మూడింటికి వ్యాధి నంటించుననుకొందము. 1, 3, 9, 27, 81, 243. ఐదు మెట్లలోనే ఒకటి 243 అయినది! ప్రతి మూడింటిలో రెండు టీకాచే రక్షణ పొందియున్నచో, ఒకటి ఒకదానికే అంటించును. అంతకు మించి రక్షణ యున్నచో వ్యాధి క్షీణించును.

అయితే పశువులన్నియు సమానముగా కలియవు. పది కొట్టములలో ఐదేసి పశువులున్నవనుకొనుడు. ఒక్కొక్క కొట్టమున రెండేసి పశువులు కలిసికొను జతలు 10, మొత్తము 100. ఆ యేబదింటినే ఒక సంతలో కలిపినచో జతలు 1225! పశువులు అవియే, కలయికలు మాత్రము పండ్రెండు రెట్లకు మించినవి.

2001లో బ్రిటను దేశమున జరిగినదిదియే. ఫిబ్రవరి 20న గాలికుంటు నిర్ధారణయైనది. 23న పశువుల తరలింపును నిషేధించిరి. కాని అప్పటికే హెక్సాం మొదలగు సంతల నుండి గొఱ్ఱెలు దూరప్రాంతములకు వ్యాధిని కొనిపోయినవి. దానిని అణచుటకు 60 లక్షలకు పైగా పశువులను వధింపవలసి వచ్చెను.

సంత మానుడని మేము చెప్పజాలము. అక్కరకు పశువు నమ్ముకొను రైతునకు సంతయే దిక్కు. కాని ఈ మూడు పనులు చేయుడు.

1. ఆరు నెలలకొకసారి వేయు టీకాను తప్పింపకుడు. సంతకు పోవు పశువులకు ముందుగానే వేయింపుడు.

2. కొని తెచ్చిన పశువును కనీసము రెండు వారములు వేరుగా కట్టి, మేతతొట్టిని, నీళ్లతొట్టిని వేరుచేయుడు. లక్షణములు కనబడక పూర్వమే అది వ్యాధి నంటింపగలదు.

3. నోట చొంగ, గిట్టల నడుమ పుండు కనబడినచో ధర పోవునని దాచి సంతకు తోలకుడు. పశువైద్యునకు వెంటనే తెలుపుడు.

ప్రతి సంఘమువారును తమ గ్రామమున తరచుగా సంతకు పశువులను తోలువారి పట్టికను వ్రాసికొని, టీకాలవారు వచ్చిన దినమున ఆ యిండ్లనుండియే పని మొదలిడునట్లు చూడవలెనని కోరుచున్నాము.