కొరిప్పో: జనం తరిగిన కొండపల్లె

స్విట్జర్లాండు దక్షిణ ప్రాంతంలో ఇటాలియన్ భాష వ్యవహారంలో ఉన్న రాష్ట్రం తిచీనో. అందులోని వెర్జాస్కా లోయలో, నిటారైన కొండవాలుకు అంటుకొని ఉన్న చిన్న గ్రామం కొరిప్పో. అక్కడి ఇళ్ళ గోడలే కాదు, పైకప్పులు సైతం రాతిపలకలతో పరచినవే. దిగువన 220 మీటర్ల ఎత్తయిన ఆనకట్ట వెనుక వొగోర్నో జలాశయం విస్తరించి ఉంటుంది.

1850లో కొరిప్పో జనాభా 294. అయితే కొండవాలులో సాగుకు అనువైన సమతల భూమి అత్యల్పం. అందుచేత ఆ లోయవాసులు శీతకాలంలో పశువులను తోలుకొని మాగదీనో మైదానానికి దిగేవారు. నిరుపేదల పిల్లలు పొగగొట్టాలు శుభ్రపరచే పనికై మిలాన్ నగరానికి తరలేవారు. పసితనంలోనే మసిలో మునిగిన బతుకులవి! పొట్ట చేతబట్టుకొని వెళ్ళినవారిలో తిరిగి రానివారెందరో. 2000 నాటికి గ్రామంలో మిగిలినవారు 22 మంది. 2019లో పదిహేను మందైనా లేరు.

స్విస్ సంప్రదాయంలో గ్రామపాలన గ్రామస్థులదే. దేశంలోకెల్లా అత్యల్ప జనాభా గల మున్సిపాలిటీగా కొరిప్పో పేరుపొందింది. కానీ పదవులు చేపట్టేందుకు మనుషులే కరవైతే పాలన సాగేదెట్లా? 2020 అక్టోబరులో అది పొరుగు గ్రామాలతో కలిసి వెర్జాస్కా అనే కొత్త మున్సిపాలిటీలో లీనమైంది.

విచిత్రమేమంటే, జనం తరలిపోవడమే ఆ ఊరి ప్రాచీన రూపాన్ని కాపాడింది. కొత్త కట్టడాలు లేచే అవసరమే కలుగలేదు. 2022 నుండి ఖాళీ ఇళ్ళలో కొన్ని యాత్రికుల విడిది గదులయ్యాయి. గదులు వేర్వేరు ఇళ్ళలో ఉన్నందున, అతిథులు ఊరి రాతిమెట్ల మీదుగానే భోజనశాలకు నడిచి వెళతారు.