ఇంటి విలువ: ఏ అవసరానికి ఏ మదింపు?

ఇంటి విలువ ఎంత అని అడిగితే ఒక్క అంకెతో బదులు చెప్పడం సాధ్యం కాదు. ఒకే ఇంటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఒక విలువ, బ్యాంకులో మరొకటి, బీమా పత్రంలో ఇంకొకటి ఉంటాయి. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ప్రతి విలువకూ ఒక ప్రయోజనం ఉన్నది. ఒకదాని స్థానంలో మరొకదానిని వాడినప్పుడే గృహయజమానికి నష్టం కలుగుతుంది.

అన్నిటికంటె సులభంగా తెలిసేది ప్రభుత్వం ప్రాంతాలవారీగా నిర్ణయించే మార్గసూచి విలువ. కర్ణాటకలో దీనిని కావేరి జాలస్థలంలో ఎవరైనా చూడవచ్చును. 2023 అక్టోబరు 1 నుండి సవరించిన రేట్లు అమలులోనికి వచ్చాయి. ముద్రాంక శుల్కం లెక్కకు ఇది ఆధారం గనుక, కేవలం రిజిస్ట్రేషను కొరకు మదింపుదారును పిలిపించనక్కరలేదు. అయితే ఈ విలువ వీధికంతటికీ వర్తించే సగటు వంటిది. మీ ఇంటి పనితనాన్ని గాని, గోడకు పట్టిన చెమ్మను గాని అది చూడదు.

ఈ విలువను పట్టుకొని కుటుంబ భాగపరిష్కారం చేసుకోవడం మనలో తరచుగా జరిగే పొరపాటు. ఒక ఉదాహరణ చూడండి. తండ్రి కట్టించిన ఇల్లు 1,200 చదరపు అడుగుల సైటులో ఉన్నది. వారసులు ఇద్దరు అన్నదమ్ములు, ఒక ఆడపడుచు. అన్నగారు ఇల్లు తాను ఉంచుకొని తక్కిన ఇద్దరికీ సొమ్ము ఇవ్వదలచారు. మార్గసూచి విలువ అడుగుకు 2,000 రూపాయలైతే స్థలం 24 లక్షలు, పాత కట్టడం 6 లక్షలు, మొత్తం 30 లక్షలు. ఒక్కొక్కరి భాగం 10 లక్షలు. విపణిలో అదే స్థలం అడుగుకు 4,000 పలుకుతున్నచో మొత్తం 54 లక్షలు, భాగం 18 లక్షలు. హక్కు విడుదల పత్రంపై సంతకం చేసే చెల్లెలు ఎనిమిది లక్షలు కోల్పోతున్నది. రిజిస్టరు అయిన పత్రాన్ని తరువాత రద్దు చేయించడం ఎంత కష్టమో న్యాయస్థానాల చుట్టూ తిరిగినవారికి తెలుసు. కావున సంతకానికి ముందే, అందరి సమ్మతితో, రిజిస్టర్డ్ మదింపుదారుచేత విపణి విలువను నిర్ధారింపజేసుకోవాలి. ఆయన స్థలాన్ని కొలిచి, సమీపంలో ఇటీవల జరిగిన క్రయాలను పరిశీలించి, కట్టడాన్ని నేడు తిరిగి కట్టుటకయ్యే ఖర్చులో వయస్సును బట్టి తరుగుదలను తీసివేసి లెక్క కడతారు. క్రయపత్రంలో వ్రాసిన మొత్తం చేతులు మారిన మొత్తం కంటె తక్కువగా ఉండడం మనకు తెలియనిది కాదు. మంచి మదింపుదారు పత్రాలతో సరిపెట్టుకోక ఇరుగుపొరుగులను కూడ విచారిస్తారు.

గృహరుణానికి బ్యాంకు తన జాబితాలోని మదింపుదారును పంపుతుంది. మీరు స్వయంగా తెచ్చుకొన్న నివేదిక అక్కడ సాధారణంగా చెల్లదు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షల వరకు రుణానికి ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల వరకు 80 శాతం, అంతకు మించితే 75 శాతం గరిష్ఠ పరిమితి. ముద్రాంక, రిజిస్ట్రేషను ఖర్చులు సాధారణంగా ఈ విలువలో చేరవు. వాటిని వేరుగా సమకూర్చుకోవాలి.

మీరు గాని, మీకు ఇల్లు సంక్రమింపజేసిన పెద్దలు గాని 2001 ఏప్రిల్ 1కి ముందు సంపాదించిన ఇంటిని అమ్మునప్పుడు, ఆదాయపు పన్ను లెక్కలో పాత కొనుగోలు ధరకు బదులు ఆ తేదీనాటి విపణి విలువను తీసుకోవచ్చును. అది ఆనాటి ముద్రాంక విలువ లభించినచో దానిని మించరాదు. గతించిన తేదీకి విలువ కట్టవలసి ఉన్నందున ఇక్కడ మదింపు నివేదిక మిక్కిలి అవసరం.

బీమాలో స్థలానికి విలువ లేదు, ఎందుకంటే మంటలు నేలను దహింపలేవు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటి విస్తీర్ణాన్ని నిర్మాణవ్యయపు రేటుతో గుణించి మొత్తం నిర్ణయిస్తారు. ఇల్లు కొన్న ధరను అక్కడ వ్రాయించుకొంటే స్థలానికి కూడ ప్రీమియం కట్టినట్లవుతుంది.

మదింపుదారు వచ్చే దినానికి క్రయపత్రం, ఖాతా, ఆమోదించిన నిర్మాణపటం, చివరి పన్ను రసీదు సిద్ధంగా ఉంచండి. పటంలో లేని మేడగది ఉన్నచో ముందే చెప్పండి. బ్యాంకు దానిని లెక్కలోనికి తీసుకోకపోవచ్చును.