ఇంటి వెచ్చములు

వెచ్చములు తెచ్చుకొను తీరు ఒక్కొక్క యింట ఒక్కొక్క విధముగ నుండును. ఒకే వీథిలో మూడు కుటుంబములు కలవనుకొనుడు. మొదటిది రైతు కుటుంబము. పంట చేతికి వచ్చినప్పుడే యేటికి సరిపడు బియ్యము, కందిపప్పు, చింతపండు, మిరపకాయలు ఆ యింటి గాదెలకును జాడీలకును చేరును. రెండవది ఉద్యోగి కుటుంబము. జీతమందిన మొదటి వారమున పట్టిక వ్రాసికొని పోయి, నెలకు వలయు సరకులన్నియు ఒక్కమారే తెచ్చుకొందురు. మూడవది కూలి కుటుంబము. సాయంకాలము కూలి డబ్బు చేతబడిన పిమ్మట, ఆ పూటకు వలయు పప్పును, నూనెను దీపములు పెట్టు వేళకు కొనితెచ్చుకొందురు. ఎన్ని దినముల కొకమారు కొనిన డబ్బు మిగులునని ఈ మూడిండ్లలో ఎవరును విచారించి తమ పద్ధతిని ఎన్నుకొనలేదు. డబ్బు వచ్చు వేళయే కొనుగోలు వేళ యైనది. సరకుల స్వభావమును బట్టి చూచినచో లెక్క వేరుగ నుండును.

ఏటి కొకమారు కొనదగిన సరకు పాడుగాక నిలువ యుండవలెను. అంతియే కాదు, దాని ధర పంటకాలమున తగ్గి తరువాత పెరుగునదిగా నుండవలెను. చింతపండు ఇట్టి సరకులలో మేలైనది. మాఘము మొదలు చైత్రము వరకు కొత్త చింతపండు సంతలకు వచ్చును. గింజలను, ఈనెలను తీసి, ఉప్పు చల్లి, ముద్దలుగ జేసి జాడీలో అదిమిపెట్టినచో ఏడాది గడచినను చెడదు. రంగు మాత్రము నల్లబడును. గుంటూరు మార్కెట్టు యార్డునకు మిరపకాయలు విరివిగ వచ్చునదియు, దుగ్గిరాలకును నిజామాబాదునకును పసుపుకొమ్ములు చేరునదియు ఇంచుమించు ఆ నెలలలోనే. తాండూరు ప్రాంతపు కంది అంతకు ముందే, డిసెంబరు జనవరులలో, కోతకు వచ్చును. ధరలు తగ్గు కాలమునకు వెనువెంటనే ఎండలు ముదురుట తెలుగునాటి గృహిణులకు గొప్ప సౌకర్యము. కొన్న మిరపకాయలను మేడమీద ఎండబోయుటకు వేరు ఖర్చు లేదు.

బియ్యము విషయమున మరియొక లాభము కలదు. కొత్త బియ్యము ముద్దయగును. కొన్ని నెలలు నిలువయున్న పాత బియ్యము పొడిపొడిగ ఉడికి, ఒదుగును. అందుచేత అంగడిలో పాత బియ్యమునకు ధర యెక్కువ. కొత్త బియ్యము కొని, తమ యింటనే పాతవి చేసికొనువారికి ఆ తేడా మిగులును. ఐతే నిలువచేయుట తెలిసియుండవలెను. పప్పును ఎండబెట్టి, కొంచెము ఆముదము పట్టించి, మూత గట్టిగా నుండు డబ్బాలో పోయవలెను. బియ్యములో ఎండు వేపాకు వేయవలెను. ఇవియేవియు చేయనివారి ఇంట ఏటి కొనుగోలు పురుగులకు విందు అగుటయే గాని, ఇంటివారికి లాభము గాదు.

ఇంతకును ఏటికి సరిపడ కొనుటవలన ఎంత మిగులును? ఒక కుటుంబమునకు నెలకు మూడు కిలోల కందిపప్పు కావలెననుకొనుడు. పంటకాలమున కిలో 110 రూపాయలు. నెలనెల కొనినచో ఏడాది సగటు 125 రూపాయలు పడుననుకొనుడు. 36 కిలోలు ఒక్కమారే కొనిన 3,960 రూపాయలగును. నెలనెల కొనిన 4,500 రూపాయలగును. మిగులు 540 రూపాయలు. ఈ లెక్క చూచి, చేత డబ్బు లేని గృహస్థుడు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పప్పు కొన్నాడనుకొనుడు. నెలకు 330 రూపాయల వంతున అసలు తీర్చుచు పోయినను, ఏడాదికి వడ్డీ 514 రూపాయల 80 పైసలగును. అతనికి మిగిలినది 25 రూపాయలు. పప్పులో ఒక్క కిలో పుచ్చిపోయినను ఆ మిగులు నష్టముగ మారును. మరుసటి పంట బాగుగ పండి ధర ముందే తగ్గినచో చెప్పనక్కరలేదు. ఏటి కొనుగోలు మూలనున్న డబ్బుతో చేయదగినది. అప్పుతో చేయదగినది కాదు.

నూనె, పంచదార, సబ్బులు మొదలగు వాని ధర పంటకాలముతో అంతగా ముడిపడియుండదు. వీనిని నెల కొకమారు తెచ్చుకొనుట చాలును. ఇందు మిగులునది ధరలోని తేడావలన కాదు, పట్టికవలన. ఉప్పు కొరకు అంగడికి పోయినవాడు ఉప్పుతో మాత్రమే తిరిగి వచ్చుట అరుదు. నెలలో పదిమార్లు పోయినవానికి పదిమార్లు ఏదో యొకటి కంటబడును. పట్టిక వ్రాయుటకు ముందు డబ్బాలన్నియు మూతలు తీసి చూడవలెను. లేనిచో ఆవాలు రెండు పొట్లములగును, జీలకర్ర మరచిపోవుట జరుగును. పద్దు వ్రాయించి సరకులు తెచ్చుకొను ఇంటివారికి ఒక చిక్కు కలదు. బాకీయున్న అంగడిలో బేరమాడుటకు నోరు రాదు, వేరొక అంగడికి పోవుటకు మొగము చెల్లదు.

పెద్ద పొట్లము ఎల్లప్పుడు చౌక యనుకొనుటయు పొరపాటే. తలంటుకొను షాంపూ వంటివి కొన్ని, సీసాలో కంటె చిన్న పొట్లములలోనే చౌకగా దొరకుట కలదు. గ్రామునకో, కిలోకో ధర ఎంతయో ఇప్పుడు పొట్లముపై ముద్రింపవలెనను నియమము కలదు. ఎనిమిదవ తరగతి బాలబాలికలకు ఆ యంకెలను పోల్చిచూచుట కష్టమైన పని గాదు.

కూరగాయలకు ఈ లెక్కలు పనికిరావు. ఆకుకూర ఏ పూటకాపూట కొనవలసినదే. తక్కినవి వారమునకు ఒకటి రెండు మార్లు, ఊరి సంత దినమును బట్టి తెచ్చుకొనవచ్చును. 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన రైతుబజారులలో రైతులే నేరుగ అమ్ముదురు. ధరలు పలకపై వ్రాయబడియుండును. ఐనను రెండు కిలోల వంకాయల కొరకు ఆటో ఎక్కి పోయినచో తగ్గిన ధర దారిలోనే ఖర్చగును. ఉల్లిపాయల విషయమున కొంచెము మెలకువ వలయును. వేసవిలో త్రవ్విన ఉల్లి, గాలి తగులు చోట ఆరవేసినచో కొన్ని నెలలుండును. వానకాలపు ఉల్లి త్వరగ కుళ్ళును. 2019 డిసెంబరులో కిలో నూరు రూపాయలు దాటినట్టి సమయములలో, ధర ఇంకను పెరుగునను భయముతో బస్తాలు కొనుట నష్టమునకు దారి.

మూడవ యింటివారి సంగతి కడపటిదైనను కష్టతరమైనది. పూర్వము వారు గిద్దెడు నూనె, సోలెడు బియ్యము కొనెడివారు. 1958లో మెట్రిక్ తూనికలు ప్రవేశించి గిద్దలు, సోలలు క్రమముగ అంగళ్ళనుండి తొలగినవి గాని, గిద్దెడు కొనుగోలు తొలగలేదు. వంద గ్రాముల పప్పునకు కిలో ధర లెక్కకంటె రెండు రూపాయలు అధికముగ తీసికొందురనుకొనుడు. దినమునకు వంద గ్రాముల వంతున ఏటికి 36 కిలోల పైచిలుకు పప్పు. అధికముగ చెల్లించినది 730 రూపాయలు. అదే పప్పుపై రైతు ఆదా చేసినది 540 రూపాయలే. తక్కువ డబ్బు గలవాడే ఎక్కువ ధర యిచ్చుచున్నాడు. అతనికి లెక్క తెలియకపోలేదు. ఒక్కమారు కిలో కొనుటకు ఆ సాయంకాలము డబ్బు లేదు.

బియ్యము మట్టుకు ఈ కష్టము కొంత తగ్గినది. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకమును ఆరంభించినది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము అర్హులైన కుటుంబములకు మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యమును హక్కుగ చేసినది; 2023 జనవరి నుండి అది ఉచితముగ ఇయ్యబడుచున్నది. చాలని బియ్యమును, తక్కిన సరకులను అంగడిలో కొనవలసినదే.

ఇందులకు గ్రామీణ స్త్రీలు ఒక ఉపాయమును ఆచరించి చూపిరి. 2000 సంవత్సరమున ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన వెలుగు పథకము క్రింద, స్వయంసహాయక సంఘముల స్త్రీలు తమ ఇండ్లకు నెలకు ఎన్ని కిలోల బియ్యము తక్కువపడునో లెక్కకట్టిరి. అందరి లెక్కలు కూడి, గ్రామసంఘము పేర టోకుగ కొని, సభ్యులకు అరువుగ పంచుకొనిరి. కూలి దొరకిన కొలది సభ్యురాలు వాయిదాలపై ఆ మొత్తమును చెల్లించెడిది. కూలి ఎప్పటివలె దినదినమే వచ్చినను, బియ్యము మాత్రము టోకు ధరకు బస్తాగ ఇంటికి చేరినది. తరువాత కొన్ని గ్రామములలో పప్పు, నూనె, చింతపండు కూడ ఈ విధముగనే కొనసాగిరి.